గంగాళం గోడ మీది దారి

పొద్దు 401

ఉదయం, పందెం బండ్ల రాకను కనిపెట్టే తొమ్మిది స్తంభాలకూ దుమ్ము తుడిచాను. ఏడో స్తంభం కన్ను మసకబారితే మార్చాను. ఎనిమిదో స్తంభం దగ్గర దారికి అడ్డంగా పడిన మూడు రాళ్ళు పక్కకు దొర్లించాను. తొడుగులో ఇంకా రెండు గంటల గాలి ఉండగానే ఊళ్ళోకి వచ్చేశాను.

పందెం దారికి కావలివాడు రోజువారీ పుస్తకంలో ఇంత రాస్తే చాలు. పదహారేళ్ళుగా నేను రాసిందీ ఇంతే. కానీ కొత్త ఆలూరులో ఇప్పుడు స్తంభాల గురించి అడిగేవాడు లేడు. ఎవరిని కదిపినా ఒకటే మాట: యాభై ఏళ్ళ పందేల్లో అందరికన్నా గొప్ప డ్రైవరు ఎవరు?

కుజుడి మీద మన ఊరు కట్టి డెబ్బై ఏళ్ళు, బండ్ల పందెం మొదలై యాభై. (ఏళ్ళు ఇప్పటికీ భూమి లెక్కనే. రోజును మాత్రం పొద్దు అంటాం, అది భూమి రోజు కన్నా నలభై నిమిషాలు పెద్దది.) ఆ యాభయ్యో ఏటి పండుగ పొద్దు 430న. ఆ రోజు ఊరి తలుపు మీద ఒక డ్రైవరు పేరు చెక్కుతారట. ఒకే ఒక్క పేరు. పందెం సంఘం పెద్ద గిడ్డయ్య గారు ఈ మాట ప్రకటించి పది పొద్దులైంది. అప్పటి నుంచి ఊళ్ళో ఎవరికీ అన్నం సహించడం లేదు.

పొద్దు 403

భోజనాల గదిలో రెండు బారులు ఏర్పడ్డాయి. కుడివైపు బుక్కరాయుడి మనుషులు, ఎడమవైపు తబిత మనుషులు. నీళ్ళకుండ ఎడమవైపు ఉన్నందుకు రాయుడి మనుషులు దాహంతోనే లేచిపోతున్నారు.

బుక్కరాయుడు పోయి తొమ్మిదేళ్ళయింది. అరవై పందేల్లో ముప్పై ఒకటి గెలిచాడు. ఆయన నడిపిన రోజుల్లో బండికి 'తోడు' లేదు. తోడు అంటే జారుడు చోట బండిని తనంతట తానే నిదానం చేసే యంత్రం. తబిత ఇరవై ఏడేళ్ళ పిల్ల. ఇరవై తొమ్మిది పందేల్లో ఇరవై రెండు గెలిచింది. ఆమె బండికి తోడు ఉంది. ఆ మాటే రాయుడి మనుషులు పట్టుకున్నారు. తోడు లేకుండా ఆ పిల్లను గంగాళం గుంతలోకి దిగమనండి చూద్దాం అంటారు. రాయుడి కాలంలో పందానికి ఆరు బండ్లు వచ్చేవి, ఇప్పుడు ఇరవై నాలుగు వస్తున్నాయి, ఆరుగురిలో గెలవడం ఒక గెలుపేనా అని తబిత మనుషుల ప్రశ్న.

తగువు తీర్చడానికి సంఘం లెక్కల యంత్రానికి పని అప్పజెప్పింది. ఇద్దరినీ ఒకే బండిలో, ఒకే రోజు, ఒకే దారిలో నడిపినట్టు లెక్క కట్టమన్నారు. తబిత నాలుగు పదో వంతుల సెకను ముందని అది తేల్చింది. ఆ యంత్రానికి 'తోడు' ఉన్న బండ్లు తప్ప వేరేవి తెలియవు కదా అని రాయుడి మనుషులు లేచారు. అదీ నిజమే. తగువు ఇంకా పెరిగింది.

నన్ను కూడా అడిగారు. నేను దారి ఊడ్చేవాణ్ణి, దాని మీద ఎవరు పోయినా నాకు ఒకటే అన్నాను. అది అబద్ధం. చిన్నప్పుడు నేను రాయుడి మనిషినే.

పొద్దు 409

ఈ పొద్దు జరిగింది వివరంగా రాయాలి.

మా దారి మైదానం దాటాక గంగాళంలోకి దిగుతుంది. ఎప్పుడో ఉల్క పడి ఏర్పడిన గుంత అది. ఈ అంచు నుంచి ఆ అంచుకు కిలోమీటరు పైమాటే, అచ్చంగా గంగాళం ఆకారం. తూర్పు గండిలో దిగి, అడుగున రాళ్ళ మధ్య సగం చుట్టు తిరిగి, పడమటి గండిలో పైకి రావాలి. మొత్తం దారిలో కష్టమైన చోటు అదే. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి చక్రానికి పట్టు తక్కువ, బ్రేకు వేసినా బండి ఒక పట్టాన ఆగదు. అందుకే అడుగున అందరూ గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో పాకుతారు.

ఏడాదికోసారి నేను గంగాళం గోడ ఎక్కి, దొర్లి పడేలా ఉన్న గుండ్లు చూసిరావాలి. నడుముకు తాడు కట్టుకుని అరవై మీటర్లు ఎక్కాను. రెండు బండల సందులో ఏదో మెరిసింది. లాగితే మూరెడు తీగ అల్లిక వచ్చింది. పాతకాలపు బండి చక్రం తునక. తొలి రోజుల్లో చక్రాలను లోహపు తీగతో చేత్తోనే అల్లేవారు.

పందెం దారి కింద, అడుగున ఉంది. చక్రం తునక గోడ మీద, అరవై మీటర్ల ఎత్తున దొరికింది. ఇక్కడి గాలి దుమ్మును లేపుతుంది గానీ తీగను ఎగరేయలేదు. అంటే ఎప్పుడో ఒక బండి ఇంత ఎత్తున గోడ మీద పోయింది.

తునకను వెలుతురులో తిప్పి చూశాను. మామూలు వల అల్లిక కాదు. మా అమ్మ దగ్గర భూమి నుంచి తెచ్చిన వెదురు గంప ఒకటి ఉండేది. అచ్చం ఆ గంప అల్లిక. అలా అల్లే మనిషి ఊళ్ళో ఒక్కరే ఉండేవారని చిన్నప్పుడు విన్నాను.

పొద్దు 410

సుంకులమ్మ వయసు డెబ్బై ఎనిమిది. పంటల గదిలో అలసంద పాదులు చూసుకుంటుంది. ముక్కుసూటి మనిషి, పొట్టి, చేతులు మాత్రం పెద్దవి. ఆమె ఒకప్పుడు పందెం డ్రైవరని ఊళ్ళో సగం మందికి తెలియదు. తెలిసినవాళ్ళు ఎత్తరు. నలభై ఒక్క ఏళ్ళ కిందట ఆమె పేరు రికార్డుల్లోంచి కొట్టేశారు, మళ్ళీ బండి ముట్టకూడదన్నారు. అడ్డదారిన పోయి గెలిచిందని నేరం.

తునకను ఆమె ముందు పెట్టాను.  బొటనవేలితో అల్లిక వెంట తడిమి, ఒక చోట ఆగింది.

"ఈడ ముడి తప్పు పడింది. ఆ పొద్దు తొందరలో అల్లినా" అంది. "యాడ దొరికింది నాయనా?"

గోడ మీద అన్నాను. ఎంత ఎత్తున అని అడిగింది. అరవై మీటర్లు అన్నాను. తల ఊపింది. ఆ తర్వాత ఆమె చెప్పింది, నేను విన్నాను. అలసంద పాదుల మధ్య ఇద్దరం నేల మీదే కూర్చున్నాం.

ఆ రోజుల్లో ఆమె పని గంగాళం నుంచి మంచుగడ్డలు తోలుకు రావడం. ఒకసారి తాడు తెగి మంచు బండి గండిలో నుంచి జారి, గోడ వెంబడి గిర్రున సగం చుట్టు తిరిగి, ఆ పక్క గండి దగ్గర తేలింది. మనిషి లేని బండి పోగా లేంది మనిషి ఉంటే ఎందుకు పోదు అనుకుందట. మూడు నెలలు ఎవరికీ చెప్పకుండా పొద్దున పూట సాధన చేసింది. పదకొండు సార్లు ఎక్కింది, ఆరు సార్లు జారింది. ఎందుకు చెప్పలేదని అడిగితే నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది. పందెం కదా, ఎవరైనా చెబుతారా అంది.

పందెం రోజున మిగతావాళ్ళు అడుగున నూరు సెకన్లకు పైగా తీసుకున్న చోటును ఆమె యాభై రెండు సెకన్లలో దాటింది. గండి ముందున్న మూడో స్తంభం ఆమెను చూసింది, గండి దాటాక ఏడోది చూసింది. అడుగున ఉన్న నాలుగు, ఐదు, ఆరు చూడలేదు. వాటి చూపు నలభై మీటర్లే. ఆమె వాటి నెత్తిన పోయింది. సంఘం మాత్రం ఆమె గుంతకు అడ్డంపడి దగ్గరి దారిలో పోయిందని తేల్చింది. నిజానికి ఆమె పోయింది అందరికన్నా పొడుగు దారి. జాడలు చూపిద్దామంటే ఆ సాయంత్రమే దుమ్ము తుఫాను లేచి పంతొమ్మిది పొద్దులు కొట్టింది.

"ఒక్కసారి మళ్ళా పోయి చూపిస్తానని అడుక్కున్నా" అంది. "చస్తే మా మీదికి వస్తాదన్నారు. బండి విప్పి సామాన్లు పంచుకున్నారు."

ఏడవలేదు. లేచి పాదులకు నీళ్ళు పెట్టింది. తునక మాత్రం చేతిలోంచి వదల్లేదు.

పొద్దు 412

సుంకులమ్మను అడిగి తునక తీసుకుని సంఘం ముందుకు పోయాను. గిడ్డయ్య గారు డెబ్బై ఏళ్ళ మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు, మాట వెనక్కి తీసుకోవడం మాత్రం తెలియదు. తునకను అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఎవరైనా తర్వాత పెట్టి ఉండవచ్చు అన్నారు. అక్కడికి తాడు కట్టుకుని పోయేది నేనొక్కణ్ణే. అంటే ఆ ఎవరైనా నేనే.

లెక్కల యంత్రాన్ని కూడా అడిగారు. ముప్పై డిగ్రీల వాలు, వదులు మట్టి, బండి నిలవదు, జారుతుంది, అసాధ్యం అంది. అక్కడికి ఆ మాట ముగిసిపోయింది.

పదహారేళ్ళలో నేను ఈ పుస్తకంలో ఒక్క రాయి ఎక్కువ రాయలేదు, తక్కువ రాయలేదు. ఇంటికి వచ్చి ఆ పాత పుస్తకాలన్నీ బల్ల మీద పరిచాను. ఎందుకో నాకే తెలియదు.

పొద్దు 413

ఉదయం తలుపు తీసేసరికి తబిత నిలబడి ఉంది. విషయం ఆమె చెవిన పడింది. నేను భయపడ్డాను. ఆ తునక వల్ల ఎవరికైనా నష్టమంటే ఆ పిల్లకే. పదిహేడు పొద్దుల్లో తలుపు మీదికి ఎక్కబోయే పేరు దాదాపు ఆమెదే.

యాభై రెండు సెకన్లు నిజమేనా అని అడిగింది. నిజమేనన్నాను. తన అన్నింటికన్నా మంచి సమయం తొంభై ఆరు అంది. ఎనిమిదేళ్ళుగా ఆ తొంభై ఆరును తొంభై ఐదు చేయాలని కొట్టుకుంటున్నానంది.

"అవ్వ దగ్గరికి తీసకపో మామా" అంది. "అబద్ధమైతే మొగం మీదే చెప్తా. నిజమైతే నేర్చుకుంటా."

సుంకులమ్మ ఆమెను చూసి, ముందు చేతులు చూపించమంది. అరచేతులు నొక్కి చూసి బాగున్నాయంది. తర్వాత వంటగది నుంచి బాణలి తెచ్చి, అందులో ఒక అలసంద గింజ వేసింది. బాణలిని మెల్లగా తిప్పితే గింజ అడుగుకు జారింది. వేగంగా తిప్పితే పక్కకు ఎక్కి, గోడను పట్టుకుని గిరగిరా తిరిగింది.

"చూస్తివా పాపా. నిదానంగా పోతే జారతాది, బిరాన పోతే నిలబడతాది. మీ యంత్రం నిదానంగా పోయేదాన్నే లెక్క కట్టింది. దానికి భయం నేర్పినారు గదా."

తబిత బాణలి తీసుకుని తానే తిప్పింది. గింజ జారింది. మళ్ళీ తిప్పింది. అలసందలు అరచారెడు నేల మీద చల్లాక గింజ గోడ పట్టింది. అప్పుడు ఆ పిల్ల మొహంలో వచ్చిన వెలుగు ఆమె గెలిచిన ఇరవై రెండు పందేల్లోనూ నేను చూడలేదు.

పొద్దు 418

ఐదు పొద్దులుగా ఇద్దరూ పంటల గదిలోనే. ఒక పాత కుర్చీని బండి సీటులా వాల్చి, తబితను కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, దారంతా నోటితో చెబుతుంది సుంకులమ్మ. గండి దిగుడు, ఎడమవైపు నల్ల బండ, దాని పక్కన మెత్తటి మట్టి నాలుక, అక్కడ చక్రం తిప్పాలి, బ్రేకు ముట్టకూడదు. వేగం నూరుకు తగ్గకూడదు, నూట ఇరవై దాటకూడదు. నలభై ఒక్క ఏళ్ళుగా ఆ గుంతలో అడుగు పెట్టని మనిషి ఒక్కో రాయినీ పేరు పెట్టి పిలిచినట్టు చెబుతుంటే, ఏటా ఆ గోడ ఎక్కే నేను తల ఊపుతూ కూర్చున్నాను. ఒక్కటి కూడా తప్పు పోలేదు.

ఒక ఇబ్బంది ఉంది. వాలు ఇరవై డిగ్రీలు దాటితే తోడు బండిని నిదానం చేస్తుంది. నిదానమైతే గోడ మీద చావే. కాబట్టి తోడును పీకేయాలి. తోడు లేకుండా తబిత ఎప్పుడూ నడపలేదు.

పొద్దు 420

ఈ పొద్దు జరిగిందానికి బాధ్యత నాదే. సాధనకు దారి తెరిచే అధికారం కావలివాడికి ఉంది. ఏ సాధన అని సంఘానికి చెప్పలేదు.

తోడు పీకేసిన బండితో తబిత గండిలో దిగింది, నల్ల బండ దగ్గర చక్రం తిప్పింది, గోడ ఎక్కింది. నలభై మీటర్ల ఎత్తులో బండి పక్కకు ఒరిగి కనిపించగానే నాకే భయమేసింది. లోపల ఉన్న ఆమె సంగతి చెప్పాలా. కాలు తీసేసింది. వేగం ఎనభైకి పడింది. బండి అడ్డంగా జారుతూ, రెండుసార్లు దొర్లి, అడుగున రాళ్ళలో ఆగింది.

నేను పరుగెత్తాను. తొడుగు చిరగలేదు. ఎడమ భుజం తొలగింది. వెనక చక్రం ఒకటి పోయింది. ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అవ్వకు చెప్పొద్దని. కానీ అవ్వ రేడియోలో అంతా వింటూనే ఉంది.

"నేను ఆరు తూర్లు జారినా పాపా" అంది రేడియోలో. "నీది ఒకటే అయింది."

పొద్దు 421

గిడ్డయ్య గారు గోడ మూసేశారు. నన్ను పనిలోంచి ఆపారు. పండుగ అయ్యాక విచారణ అన్నారు. నేను తల వంచుకున్నాను. చేసింది తప్పే, కాదనను.

తబిత భుజానికి కట్టుతో సంఘం గదిలోకి వచ్చింది. గోడ తెరవకపోతే తలుపు మీద పేరు కోసం జరిగే పోటీలో నుంచి తప్పుకుంటానంది. ఆమె మనుషులు తలలు పట్టుకున్నారు. గిడ్డయ్య గారు ఆ తెగింపు దేనికని అడిగారు. గొప్ప డ్రైవరని పేరు వేయించుకుని, ఆ తలుపు కింద నుంచి రోజూ పోతూ, నాకన్నా నలభై నాలుగు సెకన్లు ముందు పోయిన మనిషి పంటల గదిలో ఉందని తెలిసి ఎట్లా పోవాలి అంది.

 అందరూ పోయాక గిడ్డయ్య గారు నన్ను ఉండమన్నారు. మైదానం కనిపించే కిటికీ వైపు తిరిగారు.

"ఆ పొద్దు ముగ్గురం తీర్పరులం" అన్నారు. "ఇంకోసారి పోయి చూపిస్తానని ఆమె అడిగె. ఒకాయన సరే అనె, ఒకాయన వద్దనె. మూడోవాణ్ణి నేను. నాకు ఇరవై తొమ్మిదేండ్లు. చూపిస్తే నిజమైపోతాదేమో అని భయపడినా మద్దిలేటీ. నిజమైతే మా లెక్క తప్పు, మా స్తంభాలు తప్పు, మేం తప్పు."

  తబిత భుజం ఎన్నాళ్ళలో నయమవుతుందని అడిగారు. ఐదు పొద్దులన్నాను. గోడ తెరవమన్నారు. ఈసారి తానూ వస్తానన్నారు.

పొద్దు 427

ఉదయం పదింటికి ఊరు ఊరంతా గంగాళం అంచున ఉంది. అందరికీ తొడుగులు చాలక, వంతులు వేసుకుని ఒక్కో ఇంటికి ఒక్కరు వచ్చారు. రాయుడి మనుషులూ తబిత మనుషులూ కలిసి నిలబడ్డారు, ఎవరు ఎటువైపో తొడుగుల్లో తెలియదు కాబట్టి. గిడ్డయ్య గారు పడమటి గండి దగ్గర చేతి గడియారంతో నిలబడ్డారు. సుంకులమ్మ అంచు మీద ఒక పెట్టె మీద కూర్చుంది. ఎవరు ఎంత చెప్పినా పక్కకు జరగలేదు.

దూరంగా మైదానంలో దుమ్ము లేచింది. మూడో స్తంభం మోగింది.

సుంకులమ్మ రేడియోలో తబితకు ఒక్కో మాటే చెప్పింది. గండి, అంది. బండ, అంది. ఇప్పుడు, అంది. తెల్లటి బండి దిగుడులోంచి దూసుకొచ్చి అడుగుకు పోకుండా కుడివైపు లేచింది. ఇరవై మీటర్లు. నలభై. ఒరిగింది. 

"కాలు తీయాకు" అంది సుంకులమ్మ. "నీ కింద నేలుండాది. నేను చూసినా. తొక్కు."

బండి అరవై మీటర్లకు ఎక్కి నిలబడింది. అంతకన్నా వేరే మాట లేదు, గోడ మీద బల్లిలా నిలబడి పరుగెత్తింది. వెనక ఎర్రటి దుమ్ము ఒక పెద్ద వంపుగా లేచి, ఇక్కడి తక్కువ బరువులో మెల్లగా కిందికి రాలుతూ ఉండిపోయింది. నాలుగు, ఐదు, ఆరు స్తంభాలు కళ్ళు తెరుచుకుని ఉట్టి నేలను చూస్తున్నాయి. బండి గోడ దిగి, పడమటి గండిలో ఎగిరి, గిడ్డయ్య గారి ముందు నుంచి దూసుకుపోయింది.

 గిడ్డయ్య గారు గడియారాన్ని మూడుసార్లు చూసుకున్నట్టున్నారు.

"యాభై మూడు" అన్నారు.

అప్పుడు లేచింది కేక. తొడుగుల్లో అందరి రేడియోలూ ఒకేసారి మోగేసరికి చెవులు చిల్లులు పడ్డాయి. ఎవరో నన్ను కౌగిలించుకున్నారు, ఎవరో ఇప్పటికీ తెలియదు. యాభై మూడు. ఈ కాలపు బండి, ఈ కాలపు మోటారు, ఈ కాలపు చక్రం. అయినా చేత్తో అల్లిన తీగ చక్రాల మీద పోయిన సుంకులమ్మ కన్నా ఒక సెకను వెనకే.

గిడ్డయ్య గారు గుంత అంచు వెంబడి నడుచుకుంటూ వచ్చారు. డెబ్బై ఏళ్ళ మనిషికి అది అరగంట నడక. పెట్టె ముందు ఆగి, అందరి రేడియోల్లో వినిపించేలా, నలభై ఒక్క ఏళ్ళ కిందట నేను తప్పు చేశానమ్మా అన్నారు. సుంకులమ్మ ఆయన వైపు తల ఎత్తి చూసింది.

"తప్పని ఆ పొద్దే తెలుసులే గిడ్డయ్యా, నాకు" అంది. "నీకిప్పుడు తెలిసింది. కూసో, నడిచొచ్చినావు."

పెట్టె మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

పొద్దు 428

నా ఉద్యోగం నాకు తిరిగి ఇచ్చారు. తొమ్మిది స్తంభాలూ తుడిచాను. గోడ మీద కొత్త స్తంభాలు మూడు నిలబెట్టమని సంఘం చెప్పింది. రెండు పాతాను.

భోజనాల గదిలో తగువు ఆగిందనుకుంటే పొరపాటు. మూడో బారు మొదలైంది. ఒక్క పందెంతో గొప్ప డ్రైవరు ఎలా అవుతారు, ముప్పై ఒకటి గెలిచినవాడు ఏమైపోవాలి అని రాయుడి మనుషులు అడుగుతున్నారు. అడగనీ. ఆ ప్రశ్నకు జవాబు తబిత చెప్పింది, సంఘం ముందు, లేచి నిలబడి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"రాయుడు తాత అందరూ పోయిన దారిలో అందరికన్నా బాగా పోయినాడు. నేనూ అంతే. నిన్న గోడెక్కినప్పుడు ఆడ దారి ఉండాదని నాకు తెలుసు. పోయొచ్చిన మనిషి చెవిలో మాట్లాడతాండాది. అట్లయినా నాకు చెమట్లు పట్టినాయి. అవ్వ పోయిన పొద్దు ఆడ దారే లేదు. చెప్పేదానికి ఎవురూ లేరు. ఇంక నన్నేం అడగాకండి."

 సుంకులమ్మ పేరుకు ఒప్పుకునేవాళ్ళను చేతులెత్తమన్నారు. లెక్కపెట్టే పని నాకు ఇచ్చారు. రెండు వందల పన్నెండు చేతుల్లో నూట ఎనభై ఏడు లేచాయి. నాది కూడా, చిన్నప్పటి రాయుడి మనిషిది.

పొద్దు 430

తలుపు మీద పేరు చెక్కారు. సుంకులమ్మ, గంగాళం గోడ, యాభై రెండు సెకన్లు. ఇక్కడ పుట్టినవాళ్ళందరికీ కుజదోషమే కాబట్టి ముహూర్తాలు చూసే అలవాటు మాకు లేదు. నడిచొచ్చిన గిడ్డయ్య గారికి ఊపిరి అందాక పరదా తీశారు.

ఆమెను మాట్లాడమన్నారు. లేచి, జనాన్ని ఒకసారి చూసి, నిషేధం తీసేసినారా అని అడిగింది. తీసేశామన్నారు గిడ్డయ్య గారు. కాగితం చూపించమంది. చూపించారు. అప్పుడు తబిత వైపు తిరిగి చేయి చాపింది. ఆ పిల్ల నవ్వుతూ బండి తాళం ఆ చేతిలో పెట్టింది.

సంఘంలో సగం మంది వద్దన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ళు, గుండె, భుజాలు, ఎముకలు అన్నారు. గిడ్డయ్య గారు మాత్రం గడియారం తీసుకుని పడమటి గండి వైపు బయలుదేరారు. అది చూసి మిగతావాళ్ళు నోరు మూసుకున్నారు.

తబిత పక్క సీటులో కూర్చుంది. నేను గండి దగ్గర నిలబడ్డాను. బండి నన్ను దాటుతున్నప్పుడు సుంకులమ్మ మొహం ఒక్క క్షణం కనిపించింది. పంటల గదిలో నాకు తెలిసిన మొహం కాదు. కళ్ళు చిన్నవి చేసుకుని, పెదవి బిగించి, ఈ ప్రపంచంలో ఇంకెవరూ లేనట్టు ఉంది. చక్రం తిప్పింది. బండి తడబడకుండా, అడుగు వైపు కొంచెమైనా చూడకుండా, గోడ ఎక్కింది. తబిత ఎక్కినప్పుడు చూసిన వణుకు లేదు. ఒకే ఒక్క గీత.  

యాభై నాలుగు సెకన్లు.

బండి ఆగాక తబిత దిగి, ఆమెను దింపడానికి చేయి ఇచ్చింది. సుంకులమ్మ దిగలేదు. తొడుగు లోపల ఆయాసపడుతోంది, చెంపలు కందిపోయి ఉన్నాయి. తన సమయం ఎంత అని గిడ్డయ్య గారిని అడిగింది. ఆయన చెప్పారు. తబితది ఎంత అని అడిగింది. అదీ చెప్పారు. జనమంతా చప్పట్లు కొడుతున్నారు, తొడుగుల చేతులకు చప్పుడు రాదు గానీ కొడుతూనే ఉన్నారు. ఆమె అటు చూడలేదు. ఎడమ భుజం రెండుసార్లు తిప్పి చూసుకుంది.

"నల్ల బండ తావ రవంత ముందుగా తిప్పినా" అంది. "రేపు పొద్దున ఇంకోతూరి పోదాం. మద్దిలేటీ, దారి ఊడ్చిపెట్టు."